వైబీసీవో నమూనాలో హిస్టెరిసిస్ లూప్: అతివాహకత్వం, ఫెర్రో అయస్కాంతత్వం కలిసున్నట్టేనా?

ప్రశ్న: నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి వైబీసీవో (ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన అతివాహకం, అంటే బాగా చల్లబరిస్తే విద్యుత్ నిరోధం పూర్తిగా పోయే పదార్థం) పెల్లెట్ చేశాను. 90 కెల్విన్ దగ్గర నిరోధం సున్నాకి పడింది. కానీ 77 దగ్గర వీఎస్ఎంలో (అయస్కాంతత్వాన్ని కొలిచే యంత్రం) పెడితే ఇనుములాంటి ఫెర్రో అయస్కాంతంలా లూప్ వచ్చింది, అంటే క్షేత్రాన్ని పెంచి తగ్గిస్తే గ్రాఫు వెళ్లిన దారినే తిరిగి రాలేదు. ఈ రెండు గుణాలూ ఒకదానికొకటి గిట్టవని చదువుకున్నాం కదా? వచ్చే వారమే వైవా, సాయం చేయండి.

జవాబు: కంగారు పడకండి. 77 దగ్గరి లూప్ చూసి ఏదీ తేల్చలేం. వైబీసీవోలోకి దూరిన అయస్కాంత రేఖలు లోపాల దగ్గర చిక్కుకుంటాయి, దానివల్లే లూప్ తెరుచుకుంటుంది. అదే ముక్కని 300 దగ్గర కొలవండి. లూప్ పోతే అది అతివాహకానిదే.

ప్రశ్న అడిగినవారు: కొలిచాను సార్. 300 దగ్గరా సన్నటి లూప్ ఉంది. 0.001 ఈఎంయూ (అయస్కాంతత్వానికి కొలమానం) దగ్గర ఆగిపోతోంది. ముక్క బరువు 50 మిల్లీగ్రాములు.

జవాబు: అయితే నా అనుమానం ఇనుము మీదే. గ్రాము ఇనుము దాదాపు 218 ఈఎంయూ ఇస్తుంది. మీ 0.001కి 5 మైక్రోగ్రాములు కూడా అక్కర్లేదు, కంటికే కనబడని నలుసు చాలు. పెల్లెట్‌ని దేనితో విరిచారు? కొలిమిలోంచి తీశాక స్టీలు తగలకూడదు. ప్లాస్టిక్ పట్టకారు వాడండి. ఖాళీ హోల్డర్‌ని కూడా ఒకసారి కొలవండి, చాలామంది వదిలేసేది అదే.

ఇంకొకరు: వైవాలో "అసలు కలిసుండవా?" అని అడగొచ్చు, అది కూడా చూసుకెళ్లమ్మా. అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంటలుగా, అంటే కూపర్ జంటలుగా, కదులుతాయి. మామూలు కూపర్ జంటలో రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు (ఒక్కో ఎలక్ట్రాన్ బుల్లి అయస్కాంతంలా చూపే దిక్కు) ఎదురెదురు. ఫెర్రో అయస్కాంతత్వం రెంటినీ ఒకే వైపు తిప్పబోతుంది, జంట విడిపోతుంది. ఎర్బియం రోడియం బోరైడ్‌లో 1977లో ఇది స్పష్టంగా కనబడింది: 8.7 కెల్విన్ దగ్గర అతివాహకమైంది, ఇంకా చల్లబరిస్తే 0.9 దగ్గర ఫెర్రో అయస్కాంతమై నిరోధం మళ్లీ వచ్చేసింది. కానీ 2000లో యురేనియం, జెర్మేనియం సమ్మేళనం యూజీఈ2ని 1 గిగాపాస్కల్‌కి పైగా ఒత్తితే, ఫెర్రో స్థితి చెదరకుండానే అతివాహకత్వం పుట్టింది. మరుసటి ఏడు యురేనియం రోడియం జెర్మేనియంలో ఒత్తిడి లేకుండానే 0.25 కెల్విన్ దగ్గర దొరికింది. అక్కడి జంటల్లో స్పిన్‌లు ఒకే దిక్కుకి ఉంటాయని భావిస్తారు. అయస్కాంతత్వాన్నీ అతివాహకత్వాన్నీ మోసేది అవే యురేనియం ఎలక్ట్రాన్లు. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: స్టీలు బ్లేడుతోనే విరిచాను సార్! రేపు కొత్త ముక్క తీసి, ముందు ఖాళీ హోల్డర్, తర్వాత 300, ఆ తర్వాతే 77 కొలుస్తాను. గ్రాఫులు ఇక్కడే పెడతాను.