పొడుగు ఇంగ్లిష్ పదాన్ని టూల్‌తో వెతికితే అది ఆట కిందకి వస్తుందా?

గళ్ళపిచ్చి:
మా ఫ్రెండ్స్ మధ్య ఇది ఎంతకీ తేలట్లేదు, మీరైనా చెప్పండి. ఎ, ఈ, ఐ, జి, ఎన్, ఆర్, టి అనే 7 అక్షరాలతోనే, ఒక్కోటి ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు, 7 అక్షరాలూ రావాలి, అన్నిటికన్నా పొడుగు పదం ఎవరిదైతే వాళ్ళు గెలిచినట్టు. ఒకడు చిటికెలో రీఇంటిగ్రేటింగ్ అని పెట్టేశాడు, 13 అక్షరాలు. తీరా చూస్తే వర్డ్ ఫైండర్‌లో కొట్టి తెచ్చాడట. నా లెక్కలో అది గైడ్ చూసి పరీక్ష రాయడమే, ఇంకేం లేదు.

గ్రెప్‌రాజు:
అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా బ్రో. రెడీమేడ్ సైట్‌లో అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కడం వేరు, నేను చేసేది వేరు. వర్డ్ లిస్ట్ ఫైల్ తీసుకుని ముందు ఈ 7 తప్ప ఇంకో అక్షరం ఉన్న పదాలన్నీ ఎగరగొట్టేలా ఒక ప్యాటర్న్ రాస్తా, తర్వాత ప్రతి అక్షరం కనీసం ఒక్కసారైనా ఉండాలి కాబట్టి ఒకదాని వెనక ఒకటి గ్రెప్‌లు (ప్యాటర్న్‌కి సరిపోయే లైన్లని ఏరిపెట్టే కంప్యూటర్ కమాండ్) తగిలిస్తా, చివర్లో పొడుగుని బట్టి సార్ట్ చేస్తా. కొన్ని లైనక్స్ లిస్టుల్లో మనుషుల పేర్లు, ఎపాస్ట్రఫీ పెట్టిన ఎస్ రూపాలు కూడా ఉంటాయి, అవి ఏరుకోవడం ఇంకో పని. ఇదంతా బుర్ర పెట్టకుండానే అయిపోతుందా?

మెల్లగా:
గ్రెప్‌రాజు గారూ, బుర్ర పెట్టారు కానీ ప్రోగ్రామింగ్‌కి పెట్టారు, ఇంగ్లిష్‌కి కాదు. చేత్తో వెతికేవాళ్ళు ఏం చేస్తారో చూడండి. ఈ 7 ఒక్కోసారే వాడాలి, స్క్రాబుల్ (అక్షరాల బిళ్ళలతో గళ్ళ బోర్డు మీద పదాలు పేర్చే ఆట) లాగా, అనుకుందాం. ముందు ఐ, ఎన్, జి తీసి తోకలా పక్కన పెడతారు. మిగిలేవి టి, ఈ, ఎ, ఆర్. వాటితో రేట్ వస్తుంది, కానీ ఐఎన్‌జి తగిలిస్తే చివరి ఈ పోయి రేటింగ్ అవుతుంది, 6 అక్షరాలే, లాభం లేదు. టేర్ అయితే 'ఈ' అక్షరం మధ్యలో ఉంది కాబట్టి ఊడదు, టేరింగ్, మొత్తం 7. ఇంగ్లిష్‌లో ఆ చివరి 'ఈ' ఎప్పుడు ఊడుతుందో ఎప్పుడు ఊడదో తెలిసినవాళ్ళకే ఇది తడుతుంది. గ్రానైట్, ఇన్‌గ్రేట్ కూడా ఇవే అక్షరాలు, వాటికి తోక ట్రిక్ పనిచేయదు, అక్షరాలు అటూ ఇటూ కదుపుతూ కూర్చోవాల్సిందే. ఈ మజా మీ ప్యాటర్న్‌లో ఎక్కడుంది?

ఎన్నిసార్లైనా వాడొచ్చు అంటే కూడా అదే దారి. ఐఎన్‌జి ముందు ఎ, టి పెడితే ఏటింగ్, దాని ముందు ఏం పడుతుందా అని చూస్తే ఇంటిగ్రేటింగ్ 11, రీజెనరేటింగ్ 12, ఇంటిగ్రేటింగ్ ముందు రీ తగిలిస్తే మీవాడి 13. టూల్ లేకుండా అక్కడిదాకా పోవచ్చు.

జెడ్‌బ్రాండ్:
పోవచ్చు, కానీ ఎంతమంది పోతారు 😄 నైజెల్ రిచర్డ్స్ సంగతి చూడండి. ఫ్రెంచ్ మాట్లాడటం రాదు, 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ కొట్టేశాడు, పదాల లిస్ట్ బట్టీ పట్టి. ఆయన మెదడులో ఉన్నదీ వర్డ్ ఫైండరే కదా. అర్థం తెలియకుండా లిస్ట్ గుర్తుపెట్టుకుంటే ఛాంపియన్, అదే లిస్ట్ ఫోన్‌లో ఉంటే దొంగా?

గళ్ళపిచ్చి:
అవును, దొంగే. ఆయన బోర్డు ముందు కూర్చున్నాక చేతిలో ఏమీ లేదు, గుర్తొస్తే గుర్తొచ్చినట్టు లేకపోతే లేనట్టు. బట్టీ పట్టడం కూడా ఆటకి ప్రాక్టీసే. టూల్ ముందురోజు చూసుకో, ఎవడొద్దన్నాడు.

మెల్లగా:
ఇంకోటి, టూల్ ఇచ్చే పొడుగు పదం ఆడటానికి పనికొస్తుందనే గ్యారంటీ లేదు. "ఎన్, ఎస్, టి, ఆర్ ఉండాలి, మిగతావి ఏవైనా పర్లేదు" అని పెద్ద డిక్షనరీలో వెతికితే పైన న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కెనోకోనియోసిస్ వచ్చి కూర్చుంటుంది, 45 అక్షరాలు. ఊపిరితిత్తుల జబ్బు పేరంటారు గానీ, 1935లో నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ పొడుగు కోసమే అల్లిన మాట అది. అందులో 14 రకాల అక్షరాలున్నాయి, మీరడిగినవి ఆ 14లోవే అయితే ప్రతిసారీ అదే ఫస్ట్. స్క్రాబుల్ బోర్డు 15 గళ్ళే కాబట్టి అక్కడ ఈ బాధ లేదు. అందుకే ఏ లిస్టో ముందే ఒప్పుకోకుండా పొడుగు పదం పోటీ పెట్టడం దండగ, టూల్ ఉన్నా లేకపోయినా.

గ్రెప్‌రాజు:
లిస్ట్ సంగతి ఒప్పుకుంటా. కానీ మెల్లగా గారూ, ఎస్‌కి క్యూ, జెడ్ కలిపి అడిగితే స్క్వీజింగ్ దాకా మనిషి పోతాడేమో, ఆ తర్వాత చీకట్లో వెతుకులాటే. అక్కడ అదృష్టానికి పాయింట్లిచ్చి, పద్ధతిగా వెతికినోడిని తిట్టడం ఏం న్యాయం?

జెడ్‌బ్రాండ్:
రెండు పోటీలు పెట్టుకోండి మహాప్రభో. చేత్తో వెతికేవాళ్ళు ఒకవైపు, టూల్ బ్యాచ్ ఒకవైపు.

గళ్ళపిచ్చి:
లిస్ట్ ఒకటే అయితే టూల్ బ్యాచ్‌లో అందరికీ ఒకటే ఆన్సర్ వస్తుంది కదా, గెలిచిందెవరని చెప్తారు?

గ్రెప్‌రాజు:
ప్యాటర్న్ ఎవరు పొట్టిగా రాస్తే వాళ్ళు. నేను రెడీ.