మోకాలి లోపలి వైపు అరుగుదల: అన్‌లోడర్ బ్రేస్ పనిచేస్తుందా?

మా అమ్మకు 63 ఏళ్లు. కుడి మోకాలి లోపలి వైపు నొప్పి. చదునైన నేల మీద నడిస్తే ఫరవాలేదు, మెట్లు దిగడమే నరకం. రెయిలింగ్ పట్టుకుని పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగుతుంది. పొద్దున లేవగానే కీలు బిగుసుకుంటుంది కానీ పది నిమిషాల్లో సర్దుకుంటుంది. ఎరుపు, వేడి లేవు. కీళ్లవాతం కోసం చేసిన రక్తపరీక్షలు (ఆర్‌ఏ ఫ్యాక్టర్, ఈఎస్‌ఆర్) మామూలుగానే ఉన్నాయి. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో లోపలి వైపు మాత్రమే కీలు సందు తగ్గింది, కెల్‌గ్రెన్-లారెన్స్ గ్రేడ్ 3 (అరుగుదలను 0 నుంచి 4 వరకు కొలిచే స్కేలులో) అని రాశారు. కాలు కొద్దిగా దొడ్డికాలైంది.

పారాసిటమాల్ ఆనలేదు. డైక్లోఫెనాక్ జెల్‌తో రెండు మూడు గంటలు ఉపశమనం. బీపీ ఉంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త ఎక్కువగా 1.4 ఉంది, అందుకే నొప్పి మాత్రలు వద్దన్నారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ప్రభావం ఆరు వారాలకే అయిపోయింది. మూడు నెలలుగా తొడ కండరాల వ్యాయామాలు మానకుండా చేస్తోంది. కుర్చీలోంచి లేవడం తేలికైంది, మెట్ల దగ్గర మాత్రం తేడా లేదు. మందుల దుకాణంలో కొన్న సాగే నీ క్యాప్ నాలుగడుగులకే జారి పిక్క మీద చుట్టుకుంటుంది. వెచ్చదనం తప్ప ఒరిగిందేమీ లేదు. (నూనెలు, గ్లూకోసమైన్ సలహాలు ఇప్పటికే చాలా అందాయి, దయచేసి అవి వద్దు.)

భారాన్ని లోపలి వైపు నుంచి తప్పించే అన్‌లోడర్ బ్రేస్ వేసి చూడమని ఎముకల డాక్టరు అంటున్నారు. ధర తక్కువేమీ కాదు, పైగా చీర కింద వేసుకోవాలి. ఇలా లోపలి వైపే అరిగినవారు ఆ బ్రేస్ కొన్ని నెలలు వాడి ఉంటే చెప్పండి: మెట్లు దిగేటప్పుడు నొప్పి తగ్గిందా?