మా అల్లుడి పూర్వీకులు ఫ్రాన్స్ నుంచి కెనడాకు ఎప్పుడొచ్చారో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న (లవాల్ నుంచి, ఒక అమ్మమ్మ):

అందరికీ నమస్కారం. మేము మాంట్రియల్ పక్కనే లవాల్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడి ఫ్రెంచి కుటుంబంలో అబ్బాయిని చేసుకుంది. వచ్చే నెల మనవడి అన్నప్రాశన. మా నాన్నగారు నోటుపుస్తకంలో రాసిపెట్టిన మా వంశవృక్షం నా దగ్గర ఉంది, ఏడు తరాలది. అల్లుడి వైపుది కూడా పక్కనే రాయించి, ఒకే పెద్ద కాగితం మీద వాడికి ఇవ్వాలని నా కోరిక.

మా వియ్యపురాలిని అడిగితే వాళ్ళాయన తాతగారి పేరు వరకే చెప్పగలిగారు. ఇంటిపేరు లరూష్, ఊరు సాగ్నే ప్రాంతం. మొదటి మనిషి 1600ల్లో ఫ్రాన్స్ నుంచి వచ్చాడని ఇంట్లో అనుకుంటారట. నేను ఆ కాలం పేర్లలో లరూష్ కోసం వెతికాను, ఏమీ తేలలేదు. ఒక వెబ్‌సైట్‌లో ఎవరో వీళ్ళను ఏకంగా ఫ్రాన్స్ రాజవంశానికి కలిపి పెట్టారు, నమ్మబుద్ధి కాలేదు. నాకు ఫ్రెంచి అంతంతమాత్రమే. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (క్యుబెక్ సిటీ నుంచి):

అమ్మా, నమ్మకపోవడమే మంచిదైంది. మా ఆవిడ వాళ్ళదీ ఇక్కడి పాత కుటుంబమే. వాళ్ళ వంశం వెతకడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది, అందులో మొదటిది ఇలాంటి చెట్లు కాపీ కొట్టడంలోనే వృథా అయింది.

ఫ్రాన్స్ నుంచి ఇటు రాకండి, మీ అల్లుడి నుంచి అటు వెళ్ళండి. అది కూడా పెళ్ళి నుంచి పెళ్ళికి. ఇక్కడి చర్చి రిజిస్టర్లలో పెళ్ళి రాసినప్పుడు వధూవరుల పేర్లతో పాటు ఇద్దరి తల్లిదండ్రుల పేర్లూ రాస్తారు. తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంటుంది. ఇక్కడి పాత రికార్డుల్లో ఆడపిల్ల చనిపోయినప్పుడు కూడా పుట్టింటి పేరే రాసేవారు. మనకు లేని సౌకర్యం అది. కాబట్టి ఒక పెళ్ళి దొరికితే పై తరం దంపతులు దొరికినట్టే. ఇక వాళ్ళ పెళ్ళి వెతకడమే.

1993 చివరి దాకా క్యుబెక్‌లో చర్చి రిజిస్టరే ప్రభుత్వ రికార్డు కూడా. రెండు ప్రతులు రాసి ఒకటి బయట దాచేవారు కాబట్టి చర్చి కాలిపోయినా రెండోది మిగిలింది. క్యుబెక్ జాతీయ గ్రంథాలయం, పొట్టిగా బాంక్ (BAnQ) అంటారు, డబ్బుల బ్యాంకు కాదు, ఆ పేజీలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో కూడా ఊరికే చూడొచ్చు. డబ్బు కట్టి చూసేవీ ఉన్నాయి: మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళ పీఆర్‌డీహెచ్, ద్రువెన్ సంస్థ వాళ్ళ సైట్. ముందే కట్టేయకండి, మీ ఊరి లైబ్రరీలో వీటికి ప్రవేశం ఉందేమో అడగండి.

దగ్గరి కాలపు రికార్డులు బయట పెట్టరు. అందుకని మొదటి పెళ్ళి ఇంట్లోనే దొరకాలి. మీ వియ్యపురాలి దగ్గర పాత ఆల్బంలు, చనిపోయినవాళ్ళ ఫొటోతో పంచే చిన్న కార్డులు ఉంటాయి. అవి చూడండి.

రెండు జాగ్రత్తలు. పాత రాతలో 7 పక్కన "బ్ర్" అని ఉంటే జులై కాదు, సెప్టెంబర్. ఫ్రెంచిలో సెత్ అంటే ఏడు. అలాగే ఎక్స్ పక్కన ఉంటే డిసెంబర్. రెండోది, మగపిల్లలకు ముందు జోసెఫ్, ఆడపిల్లలకు మరీ (అంటే మేరీ) అనే పేరు తగిలించడం మామూలు. అసలు వాడుక పేరు ఆ వెనకాల ఉంటుంది. జోసెఫ్ అని వెతికితే ఊరంతా వస్తారు.

అడిగినవారు:

చాలా థాంక్స్ అండి. కార్డుల పెట్టెలో ముత్తాత పెళ్ళి ఏడాది దొరికింది. అక్కడి నుంచి నాలుగు తరాలు పైకి వెళ్ళాను. కానీ 1840ల ముందు సాగ్నేలో ఎవరూ లేరు. వేరే చోట ఒక జంట సరిపోతోంది గానీ పెళ్ళికొడుకు ఇంటిపేరు గొతియే అని ఉంది. తప్పు మనిషిని పట్టుకున్నానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (క్యుబెక్ సిటీ):

తప్పు కాదమ్మా, సరైన దారిలోనే ఉన్నారు! సాగ్నేలో ఊళ్ళు కట్టుకోవడం 1838లో మొదలైంది. లా మాల్బే నుంచి ఇరవై ఒక్కమంది కలిసి వెళ్ళి మొదలుపెట్టారు. కాబట్టి ముందు తరాలు లా మాల్బే ఉన్న షార్లెవ్వా ప్రాంతపు చర్చిల్లో దొరుకుతాయి.

ఇక ఇంటిపేరు. ఇక్కడ చాలా కుటుంబాలకు రెండు పేర్లుండేవి, మధ్యలో "ది" అని రాసేవారు, అంటే "అని పిలిచే". గొతియే ది లరూష్ అలాంటిదే. మన ఊళ్ళల్లో ఒకే ఇంటిపేరు వాళ్ళు ఎక్కువైతే బావింటివాళ్ళు, మేడింటివాళ్ళు అంటాం చూడండి, అలా. కొన్ని పట్టాళం పేర్లు కూడా: 1665లో కారిన్యాన్-సాలియేర్ పట్టాళం సుమారు 1,200 మందితో వచ్చింది, సుమారు 400 మంది ఇక్కడే స్థిరపడ్డారు. లాఫ్లర్ అంటే పువ్వు, సాన్‌సూసీ అంటే చింతలేనివాడు. తర్వాతి తరాల్లో ఒక శాఖ మొదటి పేరు ఉంచుకుంటే ఇంకో శాఖ రెండోది ఉంచుకుంది. అందుకే మీకు 1600ల్లో లరూష్ దొరకలేదు.

ఆ జంట సరైనదేనా అని చూసుకోవడానికి ఒక ఉపాయం. పెళ్ళి నమోదులో "మూడో డిగ్రీ మినహాయింపు" లాంటి మాట ఉందా? మనకు మేనరికం రివాజు, వాళ్ళకు దగ్గరి చుట్టరికంలో పెళ్ళి చర్చి నిషేధం, అనుమతి తెచ్చుకుని చేసుకునేవారు. మూడో డిగ్రీ అంటే ఇద్దరికీ ముత్తాత దంపతులు ఒకరే. మీ చెట్టులో ఆ దంపతులు రెండు వైపులా కనబడితే అనుమానం అక్కర్లేదు. అప్పటికీ తేలకపోతే నోటరీ దస్తావేజులు చూడండి. పెళ్ళి ఒప్పందాలు, ఆస్తి పంపకాలు చాలావరకు భద్రంగా ఉన్నాయి.

ఒక్క మనవి. లరూష్ పేరు వెంటే వెళ్ళకండి, అమ్మమ్మల వైపూ ఎక్కండి. 1663 నుంచి 1673 దాకా రాజు ఖర్చుతో సుమారు 800 మంది ఆడపిల్లలు పెళ్ళి చేసుకుని స్థిరపడడానికి ఇక్కడికి వచ్చారు. రాజు బిడ్డలు అంటారు వాళ్ళను. ఇంటిపేరు వెంట మాత్రమే వెళ్తే వాళ్ళు ఒక్కరూ కాగితం మీదకు రారు. నాకు అది అన్యాయం అనిపిస్తుంది.

జవాబు (పారిస్ నుంచి):

ఫ్రాన్స్ వైపు గురించి ఒక ముక్క. వచ్చిన మనిషి క్యుబెక్‌లో చేసుకున్న పెళ్ళి రికార్డులో తరచుగా ఫ్రాన్స్‌లోని ఊరు, బిషప్ పరిధి రాసి ఉంటాయి. అది పట్టుకుని ఆ జిల్లా ఆర్కైవ్స్ సైట్‌లో చూడండి. లా రొషెల్ చుట్టుపక్కల, నార్మండీ, పెర్ష్ ప్రాంతాల రిజిస్టర్లు ఉచితంగా చూడొచ్చు. కానీ పారిస్ అని ఉంటే ఆశ తక్కువే. 1871లో జరిగిన తిరుగుబాటులో నగర రిజిస్టర్ల రెండు ప్రతులూ చాలామట్టుకు కాలిపోయాయి.

అడిగినవారు:

మినహాయింపు ఉందండి, మూడో డిగ్రీయే! ముత్తాత దంపతులు రెండు వైపులా కలిశారు. ఆ పేజీ పెద్దది చేసి మా వియ్యపురాలికి చూపించాను. చివర వధూవరులకు సంతకం రాదని రాసి, ఫాదర్ ఒక్కరే సంతకం పెట్టారు. ఆవిడ ఆ వాక్యం పైకి చదివి నాకు అర్థం చెప్పి, తన పుట్టింటి కార్డుల పెట్టె కూడా తెచ్చి ఇచ్చారు. అమ్మమ్మల వైపు ఇప్పుడు మేమిద్దరం కలిసి వెతుకుతున్నాం. లరూష్ వైపు ఎనిమిదో తరం దాకా ఇంకుతో రాసేశాను. తొమ్మిదోది రికార్డు చూసేదాకా పెన్సిల్‌తోనే ఉంచాను.