కెమీ బేడ్‌నాక్ గురించి ఇక్కడి జనం అసలేమనుకుంటున్నారు?

ఎంకే కుర్రాడు (ప్రశ్న, డిసెంబర్ 2024)

అందరికీ నమస్తే. ఇక్కడ బ్రిటన్‌లో కన్సర్వేటివ్ పార్టీకి, అదే టోరీలకి, కెమీ బేడ్‌నాక్ లీడరై నెలన్నర అవుతోంది, నవంబర్ 2న రిజల్ట్ వచ్చింది కదా. మన వాట్సాప్ గ్రూపుల్లో చూస్తే రెండు జట్లు. ఒకళ్లేమో "లాగోస్‌లో పెరిగి, పదహారేళ్లకి ఇక్కడికొచ్చి, మెక్‌డొనాల్డ్స్‌లో పనిచేస్తూ చదువుకుని, ససెక్స్‌లో కంప్యూటర్ ఇంజినీరింగ్ చేసిన నల్లజాతి ఆడమనిషి ఇవాళ ప్రతిపక్ష నేత, మన పిల్లలకి చూపించాల్సిన మనిషి" అంటారు. రెండో జట్టు "ఏరు దాటాక తెప్ప తగలేసే రకం, ఈవిడ అధికారంలోకొస్తే మన పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) గోవిందా" అంటారు. రోజూ రాత్రి పదకొండు దాకా ఇదే గొడవ.

ఆఫీసులో మాత్రం ఇంగ్లీషు వాళ్లెవరూ ఆవిడ ఊసే ఎత్తరు. పోయిన వారం మొదటిసారి ఎత్తారు, అదీ శాండ్‌విచ్ గురించి! లంచ్ బ్రేక్ అనేది చేతకానివాళ్లకి, శాండ్‌విచ్ అసలు తిండే కాదు, బ్రెడ్ చెమ్మగా ఉంటే ముట్టుకోను అని ఏదో ఇంటర్వ్యూలో అందట. మా టీమ్‌లో పదేళ్లుగా రోజూ చీజ్ శాండ్‌విచ్ తినే పెద్దాయన ఉన్నాడు, బడ్జెట్‌కి కూడా అంత కోపం రాలేదు ఆయనకి.

నా డౌట్ ఏంటంటే, మామూలు జనానికి ఈవిడ మీద ఒక అభిప్రాయమంటూ ఉందా, లేక టీవీ వాళ్ల హడావుడేనా? ఎలక్షన్లు ఎలాగూ 2029 దాకా రాకపోవచ్చు. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్న మనలాంటి వాళ్లం ఇదంతా పట్టించుకోవాలా? "రాజకీయాలు మనకెందుకు బ్రో" అని మాత్రం రాయకండి ప్లీజ్, ఆ మాట ఇంట్లో వింటూనే ఉన్నాను.

చెల్మ్స్‌ఫర్డ్ శీను

మంచి ప్రశ్న తమ్ముడూ. నేను ఎసెక్స్‌లో ఇరవై ఏళ్లకి పైగా ఉంటున్నా. ఆవిడ నియోజకవర్గం నార్త్ వెస్ట్ ఎసెక్స్ మాకు దగ్గరే, పాత పేరు శాఫ్రన్ వాల్డెన్, 2017 నుంచీ అక్కడి ఎంపీ ఆవిడే. నేను చూసినంతలో జనానికి ఉన్నది కోపం కాదు, అభిమానమూ కాదు, విసుగు. పద్నాలుగేళ్లలో ఐదుగురు ప్రధానుల్ని చూశారు, కామెరాన్, మే, జాన్సన్, ట్రస్, సునాక్. ఆ తర్వాత "మాకు కొత్త లీడర్ వచ్చింది" అంటే "సంతోషం, వాన ఎప్పుడు తగ్గుతుంది" అన్నట్టు ఉంటుంది వాళ్ల మొహం. జులై ఎన్నికల్లో ఆ పార్టీకి వచ్చినవి 121 సీట్లు, ఓట్లు 23.7 శాతం. వాళ్ల చరిత్రలోనే అంత ఘోరంగా ఎప్పుడూ ఓడలేదు.

ఇంకో సంగతి. ఆవిడని ఎన్నుకున్నది దేశం కాదు, పార్టీ సభ్యులు. ఓటు హక్కున్న సభ్యులు లక్షా ముప్పై వేల చిల్లర, అందులో ఆవిడకి 53,806, ఫైనల్లో ఎదురు నిలిచిన రాబర్ట్ జెన్రిక్‌కి 41,388. అంతకుముందు ఎంపీల రౌండ్లలో జరిగిన తమాషా చూశారా? అక్టోబర్ 8న ఇంకో పోటీదారు క్లెవర్లీకి 39 ఓట్లతో మొదటి స్థానం, బేడ్‌నాక్‌కి 30తో మూడోది. మర్నాడు చూస్తే బేడ్‌నాక్ 42, జెన్రిక్ 41, క్లెవర్లీ 37, అవుట్! ఆయన మనుషులే ఫైనల్లో తేలికైన ప్రత్యర్థి కావాలని ఓట్లు అటూ ఇటూ సర్దబోయి లెక్క తప్పారని అందరూ అనుకున్నారు. ఎవరూ ఒప్పుకోలేదనుకోండి. మన పంచాయతీ వార్డు మెంబర్లు నయం, ఇలాంటి లెక్కలు తప్పరు.

అభిప్రాయం గట్టిగా ఉన్నవాళ్లు కూడా లేకపోలేదు, రైతులు. అక్టోబర్ 30 బడ్జెట్‌లో పది లక్షల పౌండ్లు దాటిన వ్యవసాయ ఆస్తికి 2026 ఏప్రిల్ నుంచి వారసత్వ పన్ను 20 శాతం అన్నారు కదా, నవంబర్ 19న లండన్‌లో పెద్ద ధర్నా జరిగింది. ఈవిడ అక్కడికెళ్లి, మేమొస్తే మొదటి అవకాశంలోనే తీసేస్తాం అని మాటిచ్చింది. మా దగ్గర గుడ్లు అమ్మే రైతు ఉన్నాడు, మొన్నటిదాకా టోరీలంటే బూతులే. ఇప్పుడు "కనీసం వచ్చింది, నిలబడింది" అంటున్నాడు. ఓటేస్తావా అంటే మాత్రం నవ్వి రిఫార్మ్ పార్టీ నాయకుడు ఫరాజ్ పేరు చెప్పాడు. అసలు సమస్య అదే. రిఫార్మ్‌కి సీట్లు ఐదే కానీ ఓట్లు 14 శాతం, 98 చోట్ల రెండో స్థానం. ఈవిడ పోటీ లేబర్ ప్రధాని స్టార్మర్‌తో కాదు, పక్కనున్న ఆయనతో.

లీడ్స్ నర్సమ్మ

శీను గారు విసుగు అన్నారు, మా వార్డులో అయితే కోపమే చూశాను. సెప్టెంబర్ చివర్లో బర్మింగ్‌హామ్ పార్టీ సభల టైంలో బేడ్‌నాక్‌ని మెటర్నిటీ పే గురించి అడిగితే అది ఎక్కువైపోయింది అనే అర్థం వచ్చేలా మాట్లాడింది, తర్వాత నా మాట వక్రీకరించారు, నేనన్నది వ్యాపారాల మీద పడే భారం గురించి అంది. ఏమైతేనేం, చట్టప్రకారం వచ్చేది మొదటి ఆరు వారాలు జీతంలో 90 శాతం, ఆ తర్వాత 33 వారాలు మహా అయితే వారానికి 184 పౌండ్లు (2024 లెక్క). ఈ డబ్బుతో నర్సరీ ఫీజు కాదు కదా, నాప్కిన్లు, పాలడబ్బాలకే సరి. మా టీ రూమ్‌లో రెండ్రోజులు ఇదే చర్చ, ఎప్పుడూ టోరీలకి ఓటేసే ఒకావిడ కూడా "ముగ్గురు పిల్లల తల్లి అయ్యుండి" అని ఆగిపోయింది.

నల్లజాతి మహిళ లీడరైతే నల్లవాళ్లంతా పండగ చేసుకుంటారని మనవాళ్లు అనుకుంటున్నారు, అలా ఏం లేదండీ. నాతో ఇద్దరు నైజీరియన్ నర్సులు పనిచేస్తారు, ఇద్దరూ బేడ్‌నాక్‌లాగే యొరూబా తెగ వాళ్లే. ఒకావిడ ఫోన్ వాల్‌పేపర్ బేడ్‌నాక్ ఫొటో. రెండో ఆవిడకి ఆ పేరు వింటేనే మంట, "మా దేశాన్ని తిట్టి ఇక్కడ మార్కులు కొట్టేస్తోంది" అంటుంది. లాగోస్‌లో పెరిగినప్పటి భయం, అవినీతి, దొంగతనాల గురించి ఆవిడ చెప్పేదంతా నిజమే అని మొదటావిడ, నిజమైతే మాత్రం ఊరంతా చాటాలా అని రెండో ఆవిడ. ఈ నెలలోనే నైజీరియా ఉపాధ్యక్షుడు షెట్టిమా, అంత నామోషీ అయితే పేరులోంచి కెమీ తీసేసుకోవచ్చు అన్నాడు. దానికి ఈవిడ, నేను నైజీరియా పీఆర్ఓని కాదు అన్నట్టు గట్టిగానే జవాబిప్పించింది. మా టీ రూమ్‌లో ఆ రోజు నేను మధ్యలో కూర్చుని బిస్కట్లు పంచాను, అంతకన్నా చేయగలిగింది లేదు.

నా మట్టుకు నాకు ఆవిడ మాట తీరు నచ్చుతుంది, తల వంచదు. పాలసీలు నచ్చవు. రెండూ ఒకేసారి ఉండొచ్చు కదా, గ్రూపుల్లో కొట్టుకోవడం ఎందుకో.

ఒకప్పటి కోవెంట్రీ

నేను మాస్టర్స్ చేసి వీసా అయిపోయి హైదరాబాద్ తిరిగొచ్చేసినవాణ్ణి, నాకిప్పుడు లాభం లేదు నష్టం లేదు, సూటిగా చెప్తా.

మనవాళ్లు ఈవిడ "వచ్చాక" ఏమవుతుందో అని భయపడుతున్నారు. జరగాల్సింది ఇప్పటికే జరిగిపోయింది బాబూ! స్టూడెంట్స్ భార్యాభర్తల్ని తెచ్చుకోకుండా చేసింది 2024 జనవరిలో. కేర్ వర్కర్లకి అదే మార్చిలో. స్కిల్డ్ వర్కర్ వీసాకి కావాల్సిన కనీస జీతం 26,200 నుంచి ఒక్కసారిగా 38,700 పౌండ్లకి పెంచింది ఏప్రిల్‌లో. ఇవన్నీ చేసింది సునాక్ గారి ప్రభుత్వం, "మనవాడు ప్రధాని" అని మనం స్వీట్లు పంచుకున్న ఆయన. ఈవిడ ఆ క్యాబినెట్‌లో వాణిజ్య మంత్రి. నా ఫ్రెండు పెళ్లి ముహూర్తం నవంబర్‌లోంచి మార్చుకోలేక, కోర్సు జనవరిలో మొదలై, భార్యని గుంటూరులోనే వదిలి వెళ్లాడు. వాడికి ఏ లీడరైనా ఒకటే.

ఇప్పుడు ఈవిడ సంగతి. నవంబర్ 27న ప్రెస్ మీట్ పెట్టి, ఇమిగ్రేషన్ విషయంలో మా పార్టీ తప్పు చేసింది అని ఒప్పుకుంది. మర్నాడే లెక్కలొచ్చాయి, 2023 జూన్‌తో ముగిసిన ఏడాదికి నికర వలస 9 లక్షల 6 వేలు అని సవరించారు. ముందే తెలిసి ముందే చెంపలేసుకున్నట్టుంది. జనం స్పందన? టోరీలకి ఓటేసేవాళ్లు "ఇప్పుడా తెలిసింది" అన్నారు, లేబర్ వాళ్లు "చేసిందంతా మీరేగా" అన్నారు. తమాషా ఏంటంటే 2018లో ఇదే మనిషి పార్లమెంటులో, వర్క్ పర్మిట్ల వార్షిక పరిమితి ఎత్తేస్తున్నందుకు సంతోషం అని మాట్లాడింది. ఆ పాత మాటలు తర్వాత ఆవిడ ప్రత్యర్థులకి బాగా పనికొచ్చాయి.

ఇండియాతో ట్రేడ్ డీల్ కూడా, మన వైపు వాళ్లు వీసాలు ఎక్కువ అడుగుతున్నారని నేనే ఒప్పుకోలేదు అని తనే చెప్పుకుంది. కాబట్టి ఎంకే కుర్రాడా, వలస వచ్చినింటి పిల్ల కదా మన బాధ తెలుస్తుంది అనే ఆశ పెట్టుకోకు. నిజానికి ఆవిడ పుట్టింది వింబుల్డన్‌లోనే, బ్రిటిష్ పౌరసత్వం పుట్టుకతో ఉంది, వీసా క్యూలో నిలబడిన మనిషి కాదు.

తిండిబోతు తిరుపతి

సీరియస్ టాపిక్కులన్నీ మీరు చూసుకోండి, శాండ్‌విచ్ నాకు వదిలేయండి.

ఇది చిన్న విషయం అనుకోకండి. ఈ దేశంలో ప్రతిపక్ష నేత అంటే జనానికి గుర్తుండేది ఇలాంటివే. 2014లో ఎడ్ మిలిబాండ్ బేకన్ శాండ్‌విచ్ తింటూ మొహం అదోలా పెట్టిన ఫొటో ఒకటి పడింది, మరుసటి ఏడాది ఎలక్షన్ ముందు రోజు కూడా ఒక పేపర్ మొదటి పేజీలో అదే వేసింది. 1997లో విలియం హేగ్ బేస్‌బాల్ టోపీ పెట్టుకుని థీమ్ పార్కులో నీళ్ల రైడ్ ఎక్కాడు, పాపం ఆయన ఎంత బాగా మాట్లాడినా టోపీ ఊడలేదు. ఇప్పుడు ఈవిడ. ప్రధాని ఆఫీసు వాళ్లు వెంటనే అందుకున్నారు, శాండ్‌విచ్ గొప్ప బ్రిటిష్ సంప్రదాయం, మా సార్‌కి ట్యూనా శాండ్‌విచ్ ఇష్టం, అప్పుడప్పుడు చీజ్ టోస్టీ కూడా అని ప్రకటన! రెండు పార్టీల మధ్య ఇంత స్పష్టమైన విధాన భేదం నేను ఈ మధ్య చూడలేదు.

నా ఓటు మాత్రం ఆవిడకే. టెస్కో మీల్ డీల్ చల్లటి శాండ్‌విచ్ తిండి అని ఏ తెలుగువాడైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలడా? డెస్క్ దగ్గర స్టేక్ తింటానంది చూడండి, అక్కడ మాత్రం నేను పెరుగన్నం పార్టీ.

ఎంకే కుర్రాడు

తిరుపతి అన్నా 😂 మా పెద్దాయనకి మీ కామెంట్ చదివి వినిపించాలి.

నర్సమ్మ గారు చెప్పింది నాకు బాగా పట్టింది, నేను కూడా ఆ రెండు మాటల మధ్యే ఉన్నా. ఇంకో రెండు డౌట్లు. పార్లమెంటులో ఎలా నెగ్గుకొస్తోంది? వచ్చే ఎలక్షన్ దాకా ఉంటుందా, మధ్యలోనే పీకేస్తారా? మన దగ్గరలా పది శాతం సీట్లు లేకపోతే ప్రతిపక్ష హోదా లేదు అనే గొడవ ఇక్కడ లేదా?

చెల్మ్స్‌ఫర్డ్ శీను

ఆ రూల్ ఇక్కడ లేదు, ప్రతిపక్షంలో పెద్ద పార్టీ ఏదైతే దాని నాయకుడికే హోదా, జీతం. (దయచేసి ఎవరూ ఇక్కడ అమరావతి అసెంబ్లీ పదకొండు సీట్ల చర్చ మొదలెట్టొద్దు, దానికి వేరే చోటుంది.) ప్రతి బుధవారం మధ్యాహ్నం పన్నెండుకి ప్రధానిని ఆరు ప్రశ్నలు అడిగే హక్కు, అదే ఆవిడ అసలు ఆయుధం. ఇప్పటిదాకా సగం సగం అంటాను. నవంబర్ 6న మొదటిసారి లేచింది, అంతకుముందు రాత్రే ట్రంప్ గెలిచాడు. బడ్జెట్ వచ్చి వారమైంది, దాంతో మొదలుపెట్టి ఉతకాల్సింది పోయి, విదేశాంగ మంత్రి లామీ ఒకప్పుడు ట్రంప్‌ని తిట్టాడు కదా, సారీ చెప్పాడా అని మొదలెట్టింది. స్టార్మర్ నవ్వుతూ దాటేశాడు. తర్వాత మళ్లీ ఎన్నికలు పెట్టమని ఇరవై లక్షల మందికి పైగా సంతకాలు చేసిన ఆన్‌లైన్ పిటిషన్ ఎత్తింది, దానికి ఆయన జులై 4నే పెద్ద పిటిషన్ అయిపోయిందమ్మా అన్నాడు. ప్రశ్న వేసి, వచ్చిన జవాబుని పట్టుకుని రెండో ప్రశ్న వెయ్యడం ఇంకా రావాలి ఆవిడకి, రాసుకొచ్చినదే చదువుతోంది.

ఉంటుందా అంటే, పాత రూల్ ప్రకారం ఆ పార్టీ ఎంపీల్లో 15 శాతం మంది ఉత్తరాలు రాస్తే లీడర్ మీద అవిశ్వాస ఓటు, అంటే 121 మంది లెక్కకి పంతొమ్మిది మంది చాలు. ఆ మధ్య దాన్ని మూడో వంతుకి పెంచారు, 41 మంది కావాలి. 2001లో వచ్చిన ఇయాన్ డంకన్ స్మిత్‌ని 2003లో వాళ్ల ఎంపీలే దించేశారు, కాబట్టి హామీ ఏమీ లేదు. జెన్రిక్‌ని 2024 నవంబర్‌లో షాడో న్యాయమంత్రిగా, అంటే ప్రతిపక్షం తరఫున ఆ శాఖ చూసే మనిషిగా, లోపలే కూర్చోబెట్టుకుంది, ఆయన మనసు మాత్రం కుర్చీ మీదే ఉందని నా అనుమానం.

మన గురించి చివరగా. నీది ఇండియన్ పాస్‌పోర్టే అయినా, కామన్వెల్త్ పౌరుడివి కాబట్టి ఇక్కడ వీసా మీద ఉంటూనే జనరల్ ఎలక్షన్‌లో కూడా ఓటెయ్యొచ్చు. ఈ ముక్క మనలో చాలామందికి తెలియదు. జులైలో మనవాళ్లూ నిలబడ్డారు, నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో లేబర్ నుంచి ఉదయ్ నాగరాజు, స్టోక్‌లో టోరీల నుంచి చంద్ర కన్నెగంటి, ఇద్దరూ ఓడారు కానీ నిలబడ్డారు. 2025 మే 1న కొన్ని కౌంటీలకి ఎన్నికలు, ఈవిడకి అదే మొదటి పెద్ద పరీక్ష. గవర్నమెంట్ సైట్‌లో పేరు నమోదుకి ఐదు నిమిషాలు పడుతుంది, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకో. పోలింగ్ రోజు ఐడీగా ఇండియన్ పాస్‌పోర్ట్ ఒప్పుకుంటారు, నేను జులైలో మా అబ్బాయి స్నేహితుణ్ణి అలాగే తీసుకెళ్లా.

ఎంకే కుర్రాడు

ఓటుందని నిజంగా తెలియదు శీను గారూ, ఇన్నేళ్లుగా కౌన్సిల్ వాళ్లు పంపే ఆ ఉత్తరాలు చూడకుండానే రీసైక్లింగ్‌లో వేస్తున్నాను. మా ఆవిడకి కూడా ఉంటుందా? డిపెండెంట్ వీసా తనది.

చెల్మ్స్‌ఫర్డ్ శీను

ఉంటుంది. ఇద్దరూ విడివిడిగా అప్లై చెయ్యాలి.