చో సెల్స్ గ్లైకోసైలేషన్ మోడల్: పదో రోజు నుంచి లెక్క తప్పుతోంది, సాయం చేయగలరా?

నమస్కారం అండీ. హైదరాబాద్‌లో ఒక బయోసిమిలర్ కంపెనీలో పని చేస్తున్నాను. చో సెల్స్‌లో (చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ కణాలు) తయారయ్యే యాంటీబాడీకి, 297వ ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం దగ్గర అతుక్కునే చక్కెర గొలుసులు ఎలా ఉంటాయో (ఈ అతుక్కోవడమే గ్లైకోసైలేషన్) ముందే చెప్పే మోడల్ రాస్తున్నాను. 2005లో క్రాంబెక్, బెటెన్‌బా ఇచ్చిన మోడల్‌లో 7,565 గ్లైకాన్లున్నాయి, అంటే అన్ని రకాల చక్కెర గొలుసులు. అంత నాకెందుకులే అని గాల్జీని (కణంలో ఈ గొలుసులు రూపుదిద్దుకునే భాగం) నాలుగు గదులుగా తీసుకుని ముప్ఫైకి కుదించాను.

తొమ్మిదో రోజు దాకా బాగానే వస్తోంది. ఆ తర్వాతే తంటా. పన్నెండో రోజుకి జీ1ఎఫ్ (ఒక గెలాక్టోజ్ ఉన్న గ్లైకాన్) 24 శాతం అని మోడల్ చెబుతుంది, హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో కొలిచి చూస్తే 16. ఫీడ్‌లో గెలాక్టోజ్‌కీ మాంగనీస్‌కీ కొరత లేదు. అమ్మోనియా మాత్రం సరిగ్గా ఆ రోజుల్లోనే 8 మిల్లీమోలార్ దాటుతోంది. దానివల్ల గాల్జీలో పీహెచ్ పెరిగి, గెలాక్టోజ్‌ని అతికించే ఎంజైమ్ గెలాక్టోసిల్ ట్రాన్స్‌ఫరేజ్ మందగిస్తోందని నా అనుమానం.

దీనికి ఆ ఎంజైమ్ వేగాన్ని అమ్మోనియాని బట్టి తగ్గించే ఒక గుణకం పెడితే చాలా, లేక పీహెచ్‌కి విడిగా సమీకరణం రాయాలా? నా దగ్గరున్నవి నాలుగు బ్యాచ్‌లు, ఒక్కోదానికి ఆరు హెచ్‌పీఎల్‌సీ పీకులు. తెలియని పరామితులేమో ఇరవై పైనే. ఏం పెట్టినా ఫిట్ అయిపోతోంది, అసలు భయం అదే! వచ్చే వారం టీమ్‌కి చూపించాలి, ఒకటే టెన్షన్. ఇలాంటిది చేసినవాళ్లు ఏ పరామితులు పాత పేపర్ల నుంచి తీసుకున్నారో, ఏవి ఫిట్ చేశారో చెప్పండి.