సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే సీజన్‌లో వాలంటీర్‌గా వెళ్లాలనుంది, వారానికి ఒక్క రాత్రే ఖాళీ. పనికొస్తానా?

మధురవాడ మెట్లు:
వయసు 26, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పోయిన ఫిబ్రవరిలో పొద్దున్నే సాగర్‌నగర్ బీచ్‌లో నడుస్తుంటే చచ్చిపోయిన తాబేలు కనిపించింది. వాకింగ్‌కి వచ్చినవాళ్లు పక్కనుంచి తప్పుకుని పోతున్నారు. నేనూ అలాగే పోయాను. అది మనసులోంచి పోవడం లేదు. ఈత రాదు, జువాలజీ చదవలేదు. శుక్రవారం రాత్రి ఒక్కటే కుదురుతుంది. అసలు అక్కడ ఏం చేయిస్తారు? ఎక్కడ వెతికినా తాబేలు పిల్లల్ని వదిలే ఫొటోలే కనబడుతున్నాయి.

గుడ్లబుట్ట:
తమ్ముడూ, నీళ్లలోకి దిగే పనే లేదు, ఈత ఎందుకు? నడవగలవా చెప్పు. నేను భీమిలి దగ్గర స్కూల్ టీచర్ని, నాలుగు సీజన్లు తిరిగాను. మొదటి ఏడాది పదకొండు రాత్రులు తిరిగితే ఒక్క తాబేలూ కంటపడలేదు, జాడలే దొరికాయి.

జాడంటే, చిన్న ట్రాక్టర్ ఏదో సముద్రంలోంచి గట్టెక్కి మళ్లీ దిగిపోయినట్టు ఉంటుంది. పైన ఇసుక చెదిరిన చోట గుడ్లుంటాయి. సరిగ్గా ఎక్కడన్నది మాత్రం మాతో వచ్చే కాపలా ఆయనకే తెలుస్తుంది. సముద్రంలో చేపల వేటకెళ్లే మనిషి ఆయన. సన్నటి కర్రతో మెల్లగా గుచ్చుకుంటూ పోతాడు, ఒకచోట కర్ర మెత్తగా దిగుతుంది. "ఇదిగో టీచరమ్మా" అంటాడు. అక్కణ్నుంచి చేతులతోనే తవ్వాలి. మోచెయ్యి మునిగే లోతులో కుండలాంటి గుంత, మెడ సన్నం, అడుగు వెడల్పు. గుడ్లు పింగ్‌పాంగ్ బంతులంత, మెత్తగా, జిగురుగా. వంద, నూట ఇరవై దాకా ఉంటాయి.

వీటిని తీసి హేచరీలో, అంటే కంచె వేసిన చోట, మళ్లీ ఇసుకలో పాతిపెడతాం. తీసేటప్పుడు పైన ఉన్న వైపు పైనే ఉండాలి. పెట్టిన కొద్ది గంటల్లోనే లోపలి పిండం పైభాగానికి అతుక్కుంటుంది, ఆ తర్వాత దొర్లిస్తే చచ్చిపోతుంది. ఇది నాకు చెప్పారు, నేనూ తలూపాను. రెండో సీజన్‌లో బాగా తెల్లారాక ఒక గూడు దొరికింది. స్కూలుకి టైమైపోతోందన్న టెన్షన్‌లో బకెట్ స్కూటీ ముందు పెట్టుకుని గతుకుల రోడ్డు మీద హేచరీకి తెచ్చేశాను. నూట ఏడు గుడ్లు. యాభై రోజుల తర్వాత తొమ్మిది పిల్లలొచ్చాయి. పక్క గూళ్లలో ఎనభైకి పైనే. ఎవరూ నన్నేమీ అనలేదు. ఆ గూడు మీద గుచ్చిన అట్టముక్క మీద మాత్రం ఆ తొమ్మిది సీజన్ అయ్యేదాకా అలాగే ఉంది.

ముందు అటవీశాఖ రేంజ్ ఆఫీసులో అడుగు. వన్యప్రాణి చట్టంలో వీటిది మొదటి షెడ్యూలు, అనుమతి లేకుండా గుడ్డు ముట్టుకుంటే కేసే. నువ్వు చూసినలాంటి చచ్చిన తాబేళ్లనీ రాసుకుంటాం: డిప్ప పొడవు, ఆడో మగో. తోక పొడుగ్గా బయటికొస్తే మగది.

మధురవాడ మెట్లు:
థాంక్స్ అక్కా. పిల్లల్ని మనమే నీళ్లలో వదలొచ్చా?

గుడ్లబుట్ట:
నీళ్లకి కాస్త ఇవతల ఇసుక మీద పెడతాం, మిగతాది అవే నడవాలి. చూస్తూ నిలబడటమే మన పని, అడుగు తీసేముందు కాళ్ల కింద చూసుకోవాలి. అవి వెలుతురు వైపు పోతాయి. ఒకసారి దగ్గర్లోని రిసార్టు లైట్ల వైపు ఇరవై దాకా తిరిగిపోయాయి, ఏరుకొచ్చేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

వలగూడు:
మాది శ్రీకాకుళం వైపు ఒక పాలెం. మా నాన్న వలలో తాబేలు పడితే కూర్మనాథుడని పసుపు రాసి, బొట్టు పెట్టి వదిలేసేవాడు. శ్రీకూర్మం పక్కనే కదా మాకు. అది తెరచాప రోజుల మాట. తాబేలు పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. ఇప్పుడు మరబోటు వెనక ట్రాల్ వలని గంటల తరబడి లాగితే లోపలే ఊపిరాడక చస్తుంది. తాబేలు తప్పించుకునే దారి ఉన్న పరికరం ఉంది, టెడ్ అంటారు. దాంట్లోంచి చేపా పోతుందని బోటు ఓనర్లకి భయం.

ఇంకోటి చూడండి. మన వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది చేపలు గుడ్లు పెట్టే కాలానికి పెట్టింది. తాబేళ్లు ఎక్కువగా గట్టుకొచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. ఒడిశాలో గహీర్మథ, రుషికుల్య దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరానికి 20 కిలోమీటర్ల లోపు వేట ఆపేస్తారు. అలాగే ఇక్కడా ఆపమని నేననను, ఏడు నెలలు ఇంట్లో కూచుంటే మాకు తిండెవరు పెడతారు? కానీ గట్టు మీద గుడ్లు కాపాడేవాళ్లు ఒక్కసారి జెట్టీకి కూడా వచ్చి మాట్లాడితే బాగుంటుంది టీచరుగారూ.

గుడ్లబుట్ట:
వచ్చాం అన్నా, రెండుసార్లు. మొదటిసారి టీ కూడా ఇవ్వలేదు. రెండోసారి ఇచ్చారు.

మధురవాడ మెట్లు:
రేంజ్ ఆఫీసుకి వెళ్లొచ్చాను. జనవరి మొదటి శుక్రవారం రమ్మన్నారు. ఏం తెచ్చుకోవాలి?

గుడ్లబుట్ట:
ముదురు రంగు బట్టలు, నీళ్ల సీసా, స్వెట్టర్. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకో, తెల్ల లైటు పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. స్కూటీ మీద రా, పర్లేదు. బకెట్ మాత్రం నడిచే తేవాలి.