పొటాషియం సిరప్ ఎన్నాళ్ళు తాగాలి? దాంతోపాటు లో సోడియం ఉప్పు వాడొచ్చా?

అడిగింది: తెనాలి_వాకిలి

అందరికీ నమస్కారమండీ. మా అత్తగారికి 61 ఏళ్ళు, చాలాకాలంగా బీపీ. టెల్మిసార్టాన్ 40, క్లోర్‌థాలిడోన్ 12.5 కలిసిన మాత్ర రోజుకొకటి వేసుకుంటారు. నీరసం, రాత్రిళ్ళు పిక్కలు పట్టేయడం ఎక్కువైతే పరీక్ష చేయించాం. పొటాషియం తక్కువగా, 3.1 వచ్చింది. డాక్టరుగారు పొటాషియం క్లోరైడ్ సిరప్ 15 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లు 5 రోజులకు రాశారు. ఇప్పుడు 4.2కి వచ్చింది. నీరసం పోయింది గానీ పిక్కలు ఇంకా పడుతూనే ఉన్నాయి.

సీసాలో సగం సిరప్ మిగిలింది. మళ్ళీ పడిపోకుండా రోజుకు ఒక మోతాదు ఇవ్వవచ్చా? అమెరికా నుంచి బంధువులు తెచ్చిన 99 మి.గ్రా. పొటాషియం మాత్రలు కూడా ఇంట్లో ఉన్నాయి. బీపీకి మంచిదని లో సోడియం ఉప్పు (సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపినది), రోజూ ఒక కొబ్బరి బొండం మొదలుపెట్టాలని ఆవిడ ఆలోచన. ఇవన్నీ కలిపితే ఎక్కువవుతుందా?

జవాబు 1: మందుచీటీ

ముందు సిరప్ సంగతి. 15 మి.లీ.లో 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, అంటే 20 మిల్లీఈక్వివలెంట్లు (పొటాషియాన్ని కొలిచే యూనిట్లు). లీటరు నీళ్ళలో కలిపే 20.5 గ్రాముల ఓఆర్ఎస్ ప్యాకెట్టులోనూ సరిగ్గా అదే 1.5 గ్రాములు. ఆసుపత్రిలో సెలైన్‌లో కలిపే 10 మి.లీ. ఆంప్యూల్‌లోనూ అంతే. లీటరు నీళ్ళలో కలిపి రోజంతా తాగితే అది విరేచనాలకు మందు. ఆ ఆంప్యూల్‌నే నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. పొటాషియం విషయంలో ఎంత అన్నదానితో పాటు ఎంతసేపట్లో, ఎలాంటి కిడ్నీ ఉన్నవాళ్ళకు అన్నవీ చూడాలి.

రోజుకు రెండుసార్లంటే 40 మిల్లీఈక్వివలెంట్లు, దాదాపు 1560 మి.గ్రా. పొటాషియం. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి తిండి ద్వారా 3510 మి.గ్రా. అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అందులో సగానికి కాస్త తక్కువ సిరప్ ఒక్కటే ఇచ్చేస్తోంది. లోటు పూడ్చడానికి అది సరైన మోతాదే. లోటు పూడాక కూడా "మిగిలింది కదా" అని పోస్తే అది మందు కాదు. 4.2 దగ్గర ఆపేయండి. మళ్ళీ పడిపోకుండా కొనసాగించాలా వద్దా అన్నది ఎందుకు పడిందో తేలాక డాక్టరుగారు చెప్పాల్సిన మాట.

అసలు ఎందుకు పడింది? క్లోర్‌థాలిడోన్ నీరు మాత్ర, మూత్రంలో పొటాషియాన్ని పోగొడుతుంది. టెల్మిసార్టాన్ దాన్ని ఒంట్లో నిలుపుతుంది. రెండూ కలిసిన మాత్రలో సాధారణంగా ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. టెల్మిసార్టాన్ వేసుకుంటూ కూడా 3.1కి పడిందంటే ఇంకేదో ఉందని అనుమానించాలి. వాంతులు, విరేచనాలు, రోజూ సుఖవిరేచనం మందు, మెగ్నీషియం తగ్గడం చూడాలి. మెగ్నీషియం తక్కువుంటే ఎంత సిరప్ పోసినా పొటాషియం నిలవదు, కిడ్నీ పారబోస్తూనే ఉంటుంది. దగ్గుకని అతిమధురం చప్పరించే అలవాటుందేమో కూడా అడగండి. అది రోజూ పడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. ఇవేవీ కాకపోతే ఆల్డోస్టెరోన్, రెనిన్ అనే హార్మోన్ల పరీక్ష రాయమని అడగడంలో తప్పులేదు. ఎడ్రినల్ గ్రంథిలో ఆల్డోస్టెరోన్ ఎక్కువ తయారయ్యే జబ్బుకు బీపీ, తక్కువ పొటాషియం రెండూ గుర్తులే.

99 మి.గ్రా. మాత్ర అంటే రెండున్నర మిల్లీఈక్వివలెంట్లు. సిరప్ ఒక్క మోతాదుకు సమానం కావాలంటే ఎనిమిది మింగాలి. నిజంగా తగ్గినవాళ్ళకు అది చాలదు, తగ్గనివాళ్ళకు అవసరం లేదు. అక్కడ ఇంత చిన్న మోతాదులో అమ్మడానికి కారణం ఉంది. పొటాషియం ఉప్పు ఒకేచోట గట్టిగా కరిగితే చిన్నపేగు పుండు పడుతుంది.

ఇంకెప్పుడైనా సిరప్ రాస్తే సీసా మూతతో కొలవండి, వంటింటి చెంచాతో కాదు. గ్లాసు నీళ్ళలో కలిపి, తిన్న తర్వాత, పది నిమిషాలపాటు కొద్దికొద్దిగా తాగించండి. నీళ్ళు కలపకుండా గటగటా తాగితే కడుపులో మంట, వికారం ఖాయం. సిరప్ బదులు 600 మి.గ్రా. మాత్రలిస్తే వాటిలో 8 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి. చిదపకూడదు, నమలకూడదు. నిండా నీళ్ళతో మింగి అరగంట పడుకోకూడదు. గొంతు కింద ఇరుక్కుంటే అక్కడే పుండవుతుంది. విరేచనంలో మాత్ర డొల్ల కనిపిస్తే కంగారుపడక్కర్లేదు, మందు దిగిపోయి డొల్ల మిగిలిందంతే. విరేచనం నల్లగా, తారులా ఉంటే మాత్రం వెంటనే వెళ్ళాలి.

జవాబు 2: ఊదామూత

ల్యాబ్ వైపు నుంచి ఒక మాట. ఒంట్లో పొటాషియం 98 శాతం కణాల్లోనే ఉంటుంది. మనం కొలిచేది బయటున్న రవ్వంత. అందుకే సూది గుచ్చేటప్పుడు జరిగే చిన్న పొరపాటుకే అంకె మారిపోతుంది.

చేతికి పట్టీ బిగించి ఎక్కువసేపు ఉంచినా, "గుప్పిట మూసి తెరవండి" అని పదిసార్లు చేయించినా లేనిపోని పొటాషియం పెరిగినట్టు కనిపిస్తుంది. సన్నటి సూదితో గట్టిగా లాగి ఎర్రకణాలు పగిలినా అంతే. రక్తాన్ని సీరం (కణాలు లేని పైద్రవం) వేరుచేయకుండా ఫ్రిజ్‌లో పెట్టినా పెరుగుతుంది. మండుటెండలో గంటల తరబడి మోటారుసైకిలు మీద శాంపిల్ తిరిగితే ఉల్టాగా, మొదట్లో కణాలు పొటాషియాన్ని లోపలికి లాక్కుని తక్కువ చూపిస్తుంది. ఊదారంగు మూత గొట్టంలో ఉండే మందే పొటాషియం లవణం. దాంట్లోంచి ఒక్క చుక్క ఇంకో గొట్టంలో పడ్డా పొటాషియం ఆకాశానికి, కాల్షియం పాతాళానికి వెళ్తాయి. రిపోర్టులో ఈ రెండూ కలిసి కనిపిస్తే మనిషిని కాదు, గొట్టాన్ని అనుమానించాలి.

కాబట్టి ఒంట్లో ఏ తేడా లేకుండా ఒక్కసారి 5.8 అని ఎక్కువగా వస్తే అదే రోజు మళ్ళీ తీయించండి, గుప్పిట ఆడించకుండా. అయితే అంకె తప్పేమో అని ఇంట్లో కూర్చోకూడదు.

జవాబు 3: ఉప్పు_తూకం

లో సోడియం ఉప్పు మంచిదే. ఆ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే భయంతో అందరూ మానేస్తే నష్టం. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మందితో చేసి 2021లో ప్రచురించిన పరీక్షలో, 75 పాళ్ళు మామూలు ఉప్పు, 25 పాళ్ళు పొటాషియం క్లోరైడ్ కలిపి వాడినవాళ్ళలో పక్షవాతం 14 శాతం తగ్గింది. పొటాషియం పెరిగితే కిడ్నీ సోడియాన్ని మూత్రంలోకి వదిలేస్తుంది, రక్తనాళాలు వదులవుతాయి, బీపీ దిగుతుంది.

కానీ ఆ పరీక్షలో పొటాషియం మందు తాగేవాళ్ళనూ, కిడ్నీ జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళనూ చేర్చుకోలేదు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఉప్పును సిఫారసు చేసినప్పుడు కూడా కిడ్నీ జబ్బున్నవాళ్ళను, గర్భిణులను, పిల్లలను పక్కనపెట్టింది.

లెక్క చూడండి. అలాంటి ఉప్పు రోజుకు 5 గ్రాములు తింటే పొటాషియం క్లోరైడ్ 1.25 గ్రాములు, అంటే దాదాపు 17 మిల్లీఈక్వివలెంట్లు. సిరప్ ఒక మోతాదుకు కాస్త తక్కువ, అదీ ప్రతిరోజూ. టెల్మిసార్టాన్‌తో కిడ్నీ సరిగ్గా ఉంటే ఒళ్ళు దీన్ని తట్టుకుంటుంది. సిరప్ కూడా పోస్తే అడ్డుకట్ట తెగినట్టే. ఆవిడ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత? అది తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు.

తెనాలి_వాకిలి

పాత రిపోర్టు తీశానండీ. క్రియాటినిన్ 1.3. "కొంచెం ఎక్కువ, పర్లేదు" అన్నారు. మోకాళ్ళ నొప్పికి వారంలో నాలుగైదు రోజులు డైక్లోఫెనాక్ వేసుకుంటారు.

జవాబు 4: మందుచీటీ

ఇదే అసలు విషయం అండీ. 1.3 చూడ్డానికి చిన్న అంకె. 61 ఏళ్ళ ఆడవాళ్ళకు లెక్కకడితే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం) 47 దగ్గర తేలుతుంది. 60 దాటి ఉండాలి. మూడు నెలల తర్వాత కూడా ఇలాగే ఉంటే కిడ్నీ జబ్బు కిందే లెక్క.

పైగా డైక్లోఫెనాక్, టెల్మిసార్టాన్, నీరు మాత్ర, ఈ మూడూ ఒకేసారి పడితే కిడ్నీకి రక్తం అందడం తగ్గుతుంది. వాంతులో విరేచనాలో తోడైతే రెండు మూడు రోజుల్లో క్రియాటినిన్ పెరిగి, మొన్న తక్కువున్న పొటాషియమే ఎక్కువైపోతుంది. ముందు నొప్పిమాత్ర ఆపించండి, దాని బదులు ఏం వాడాలో అడగండి. లో సోడియం ఉప్పు, 99 మి.గ్రా. మాత్రలు ప్రస్తుతానికి వద్దు. మామూలు ఉప్పే తగ్గించండి. మనింట్లో ఉప్పు కూరల్లోనే కాదు, ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయల్లోనూ చాలా దాగుంటుంది.

డాక్టరుగారికి చూపించే చీటీలో ఈ పేర్లు ఏవైనా కొత్తగా చేరితే పొటాషియం మాట ఎత్తండి: స్పైరోనోలాక్టోన్, ఎనలాప్రిల్, రామిప్రిల్, మూత్రంలో మంటకిచ్చే కోట్రైమాక్సజోల్, రాళ్ళకిచ్చే పొటాషియం సిట్రేట్ సిరప్. ఆ చివరిది చాలామంది "రాళ్ళ మందు" అనుకుంటారు గానీ, దాంట్లోనూ పొటాషియమే.

పిక్కల సంగతి: 4.2 ఉండగా పిక్కలు పడుతున్నాయంటే దానికి పొటాషియం కారణం కాదు. మెగ్నీషియం, కాల్షియం, థైరాయిడ్ చూపించండి. పడుకునే ముందు గోడకు చేతులు ఆనించి, మడమ నేలకు తగిలేలా పిక్క సాగదీయడం కొందరికి పనిచేస్తుంది.

జవాబు 5: సోంపేట_తోట

కొబ్బరి బొండం గురించి ఎవరూ రాయలేదు. 100 మి.లీ. నీళ్ళలో 250 మి.గ్రా. వరకు పొటాషియం ఉంటుంది. పెద్ద బొండం 300 మి.లీ. అనుకుంటే 750, మధ్యరకం అరటిపండుకు ఒకటిన్నర రెట్లు పైనే. ఉద్దానం నిండా కొబ్బరి తోటలే, కిడ్నీ జబ్బూ అక్కడే ఎక్కువ. ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి బొండం కొట్టి ఇవ్వడం మా దగ్గర మర్యాద. అదే మనిషికి కిడ్నీ దెబ్బతిని ఉంటే ఆ మర్యాద ప్రాణం మీదికి తెస్తుంది. మీ అత్తగారికి ఈజీఎఫ్ఆర్ 47, పొటాషియం 4.2. ఎప్పుడైనా ఒకటి తాగితే ఏం కాదు, రోజూ అలవాటు మాత్రం వద్దు.

రేపు పొటాషియం 5 దాటితే కూరల దగ్గర ఇలా చేయండి. దుంపలు చెక్కు తీసి చిన్న ముక్కలుగా కోసి, ముక్కలకు పదింతల గోరువెచ్చని నీళ్ళలో రెండు గంటలు నానబెట్టండి. ఆ నీళ్ళు పారబోసి, అయిదింతల నీళ్ళలో ఉడికించి వార్చేయండి. వార్చిన నీళ్ళతో చారు పెట్టకూడదు, పొటాషియమంతా దాంట్లోకే దిగుతుంది. కుక్కర్లో కాసిని నీళ్ళు పోసి ఉడికిస్తే నీళ్ళు కూరలోనే ఇగిరిపోతాయి, ఏమీ పోదు.

తెనాలి_వాకిలి

చాలా థాంక్సండీ. నొప్పిమాత్ర ఈ రోజే ఆపేశాం. మళ్ళీ పరీక్ష ఎప్పుడు చేయించాలి? ఈలోగా ఏం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్ళాలి?

జవాబు 6: మందుచీటీ

వారం పది రోజుల్లో పొటాషియం, క్రియాటినిన్, మెగ్నీషియం కలిపి. మందులు ఏవి మార్చినా, మార్చిన ఒకటి రెండు వారాలకు మళ్ళీ. తగ్గినా నీరసమే, పెరిగినా నీరసమే, కాబట్టి లక్షణం చూసి ఇంట్లో సిరప్ పోయకండి. కాళ్ళు బరువెక్కి లేవలేకపోవడం, గుండె దడ లేదా నాడి మరీ నెమ్మదించడం, కళ్ళు తిరగడం ఉంటే ఆ పూటే ఈసీజీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మందులన్నీ సంచీలో వేసుకుని వెళ్ళండి, ఆ సిరప్ సీసాతో సహా.